ఒకే జాతి బాక్టీరియాలో ఏ స్ట్రెయిన్ ఏదో డీఎన్ఏతో తేల్చడం ఎలా?

ఒక వార్డులో పది రోజుల వ్యవధిలో ఐదుగురు రోగుల రక్తంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా బయటపడిందనుకోండి. ఐదు నివేదికల్లోనూ అదే పేరు ఉంది. పనిచేయని మందుల జాబితా కూడా దాదాపు ఒకటే. ఇది ఒకరి నుంచి ఒకరికి పాకిందా? లేక ఎవరి పేగుల్లో ఉన్న బాక్టీరియా వారి రక్తంలోకే చేరిందా? పాకినదైతే సింకులు, గొట్టాలు, పరికరాలు, చేతుల శుభ్రత అన్నింటినీ ఈ రోజే తనిఖీ చేయాలి. ఎవరిది వారిదే అయితే వెతకవలసిన చోటు వేరు. జాతి పేరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అది ఇంటిపేరు లాంటిది, ఊరు నిండా అదే ఇంటిపేరు వాళ్లు ఉండవచ్చు. మనకు కావలసింది అసలు పేరు. ఒకే జాతి లోపలి వేర్వేరు శాఖలే స్ట్రెయిన్లు. డీఎన్ఏ నుంచి ఆ పేరును చదివే పనినే స్ట్రెయిన్ టైపింగ్ అంటారు.

ప్రయోగశాలలో కొత్తగా ఈ పని మొదలుపెట్టిన వారిని దృష్టిలో పెట్టుకుని, నమూనా చేతికి వచ్చినప్పటి నుంచి నివేదిక రాసే వరకు ఏ వరుసలో నడవాలో చెబుతాను.

ముందు ప్రశ్నను కాగితం మీద రాయండి

యంత్రం ఏదైనా, కిట్ ఏదైనా, ఈ మెట్టు దాటేసిన వారికి చివరికి అర్థం కాని ఫలితమే మిగులుతుంది. మీ ప్రశ్న వారాలకు సంబంధించినదా, దశాబ్దాలకు సంబంధించినదా? ఈ వార్డులో ఈ నెల వ్యాపించింది ఒకే స్ట్రెయినా అని అడిగితే, జీనోమ్‌లో, అంటే బాక్టీరియా మొత్తం డీఎన్ఏలో, త్వరగా మారే భాగాలను చూడాలి. ఈ బాక్టీరియా ప్రపంచంలోని ఏ వంశానికి చెందింది అని అడిగితే, నిదానంగా మారే భాగాలను చూడాలి. గంటకూ గంటకూ తేడా కావాలంటే నిమిషాల ముల్లును చూస్తాం, ఏడాదికీ ఏడాదికీ తేడా కావాలంటే క్యాలెండర్‌ను చూస్తాం. పద్ధతి ఎంపిక అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంటుంది.

నమూనాలు: అనుమానితులు ఒక్కరే సరిపోరు

వ్యాప్తికి చెందినవని అనుమానం ఉన్న ఐసొలేట్లన్నీ, అంటే ఒక్కో నమూనా నుంచి వేరు చేసి పెంచిన బాక్టీరియాలన్నీ, సేకరించండి. వాటితో పాటు అదే జాతికి చెందినవే అయినా ఈ సంఘటనతో సంబంధం లేనివి కొన్ని తప్పనిసరిగా చేర్చండి. వేరే వార్డువి, కొన్ని నెలల కిందటివి, వేరే ఆసుపత్రివి ఏవైనా సరే. ఎందుకు? ఐదు ఐసొలేట్లూ ఒకేలా కనిపించాయంటే రెండు కారణాలు ఉండవచ్చు: అవి నిజంగా ఒకటే కావడం, లేదా మీ పద్ధతికి తేడాను పట్టే శక్తి లేకపోవడం. సంబంధం లేనివి కూడా అదే ఫలితం చూపితే లోపం పద్ధతిలోనే ఉన్నట్టు. ఈ పోలిక లేని టైపింగ్ ఫలితాన్ని నేను నమ్మను, మీరూ నమ్మకండి.

ప్రతి ఐసొలేట్‌నూ ఒంటరి కాలనీ (ప్లేటు మీద ఒకే కణం నుంచి పెరిగిన చుక్క) నుంచి తీసుకుని, మళ్లీ ఒకసారి తాజా ప్లేటు మీద గీసి, మళ్లీ ఒంటరి కాలనీని ఎంచుకోండి. ఇది విసుగు పుట్టించే పని, అయినా వదలకండి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక ప్లేటు చూడటానికి శుద్ధంగానే ఉందని రెండోసారి గీయడం మానేశాను. దాని జీనోమ్ చదివినప్పుడు వందలాది చోట్ల ఒకే స్థానంలో రెండు డీఎన్ఏ అక్షరాలు (బేస్‌లు) కనిపించాయి. ఒకే జాతికి చెందిన రెండు స్ట్రెయిన్లు ఆ ప్లేటు మీద పక్కపక్కనే పెరిగాయి. కాలనీల రంగులోనూ ఆకారంలోనూ రవ్వంత తేడా లేదు. మూడు వారాల పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

శుద్ధమైన కల్చర్ చేతికి రాగానే 15 నుంచి 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచండి. పదే పదే ప్లేట్లు మారుస్తూ పోతే కొన్ని బాక్టీరియాలు ప్లాస్మిడ్లను (క్రోమోజోమ్‌కు బయట ఉండే చిన్న డీఎన్ఏ వలయాలను) కోల్పోతాయి, కొత్త ఉత్పరివర్తనలు కూడా చేరతాయి. ప్రతి గొట్టం మీద సంకేత సంఖ్య రాయండి. ఆ సంఖ్యకు ఎదురుగా సేకరించిన తేదీ, చోటు, నమూనా రకం వేరే పుస్తకంలో ఉండాలి. రోగి పేరు గొట్టం మీద ఉండకూడదు.

భద్రత సంగతి: చాలా వ్యాధికారక బాక్టీరియాలకు రెండో స్థాయి జీవభద్రత గల ప్రయోగశాల, తుంపరలు లేచే పనులకు బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. క్షయ బాక్టీరియాను కల్చర్ చేసే పనికి మూడో స్థాయి కావాలి. ఆ సదుపాయం లేనివారు కల్చర్ జోలికి వెళ్లకుండా, సరైన ప్రయోగశాలలో నిర్జీవం చేసి తీసిన డీఎన్ఏ తెప్పించుకుని మిగతా పని చేయవచ్చు.

జాతిని రూఢి చేసుకోండి, కానీ అక్కడే ఆగకండి

16ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదివితే జాతి దాదాపు తెలుస్తుంది. దానితోనే స్ట్రెయిన్లను వేరు చేయవచ్చని అనుకునేవారు చాలామంది ఎదురవుతారు. అది కుదరదు. ఈ జన్యువు ఎంత నిదానంగా మారుతుందంటే, ఆంత్రాక్స్ కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్‌నూ, మట్టిలో సాధారణంగా ఉండే బాసిల్లస్ సెరియస్‌నూ విడదీయడమే దానికి కష్టం. ఇ. కోలై, షిగెల్లాల విషయమూ అంతే. జాతుల మధ్యే తడబడే జన్యువు జాతి లోపలి తేడాలను ఎలా చూపగలదు?

మందుల నిరోధకతను కూడా వేలిముద్రగా వాడకండి. నిరోధక జన్యువులు తరచుగా ప్లాస్మిడ్ల మీద ఉంటాయి. ప్లాస్మిడ్ ఒక స్ట్రెయిన్ నుంచి మరో దానికి, ఒక్కోసారి ఒక జాతి నుంచి మరో జాతికి కూడా దాటుతుంది.

డీఎన్ఏను బయటికి తీయడం

ఇ. కోలై, సాల్మొనెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాల గోడ సులువుగానే తెగుతుంది. గ్రామ్ పాజిటివ్‌లకు లైసోజైమ్ కావాలి. స్టాఫిలోకాకస్ ఆరియస్ గోడ లైసోజైమ్‌కు లొంగదు, దానికి లైసోస్టాఫిన్ వాడాలి. క్షయ బాక్టీరియా మైనపు కవచానికి చిన్న పూసలతో గట్టిగా కుదపడం వంటి మొరటు పద్ధతి అవసరమవుతుంది. ఆ తర్వాత ప్రొటీన్లను కోసే ప్రొటీనేజ్-కే ఎంజైము, శుద్ధి, కడగడం మామూలే. కిట్‌తో వచ్చిన సూచనలు పాటిస్తే చాలు.

కొలత మాత్రం రెండు రకాలుగా చేయండి. 260, 280 నానోమీటర్ల కాంతి శోషణ నిష్పత్తి 1.8కి దగ్గరగా ఉంటే ప్రొటీన్ల మలినం తక్కువని అర్థం. కానీ ఆ యంత్రం ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి లెక్కిస్తుంది కనుక, అసలు డీఎన్ఏ ఎంత ఉందో ఫ్లోరెసెన్స్ పద్ధతితోనే కొలవాలి. ప్రతి విడతలోనూ బాక్టీరియా లేని ఖాళీ గొట్టాన్ని మిగతావాటితో సమానంగా అన్ని దశలూ దాటించండి. అందులో డీఎన్ఏ కనిపిస్తే ఆ విడత మొత్తం అనుమానమే.

పద్ధతిని ఎంచుకోవడం

యాదృచ్ఛిక ప్రైమర్లతో (చిన్న డీఎన్ఏ ముక్కలతో) జీనోమ్ భాగాల నకళ్లు తీసే ఆర్‌ఏపీడీ పీసీఆర్ చవక, అదే రోజు ఫలితం వస్తుంది. అయితే ఉష్ణోగ్రతలో కొద్ది తేడా వచ్చినా, ఎంజైము కంపెనీ మారినా జెల్ మీద ఆ నకళ్లు చూపే పట్టీలు మారిపోతాయి. ఒకే రోజు, ఒకే యంత్రంలో, ఒకే జెల్ మీద పక్కపక్కన నడిపిన వాటిని పోల్చడానికి పనికొస్తుంది. నిన్నటి జెల్‌ను నేటి జెల్‌తో పోల్చకండి.

డీఎన్ఏ ముక్కలను జెల్‌లో విద్యుత్తుతో పరిమాణం ప్రకారం విడదీసే పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ గురించి కాస్త విడిగా చెప్పాలి. జీనోమ్ చదవడం అందుబాటులోకి వచ్చాక దీని ప్రాముఖ్యం తగ్గినా, స్ట్రెయిన్లను పోల్చేటప్పుడు ఎలా ఆలోచించాలో దీనంత చక్కగా నేర్పే పద్ధతి మరొకటి లేదు. మామూలు జెల్‌లో కొన్ని పదుల వేల బేస్‌లు దాటిన ముక్కలన్నీ గుంపుగా ఒకే వేగంతో కదులుతాయి. విద్యుత్ క్షేత్రం దిశను మాటిమాటికీ మారుస్తూ ఉంటే పెద్ద ముక్క కొత్త దిశకు తిరగడానికి ఎక్కువ సమయం తీసుకుని వెనకబడుతుంది. అలా లక్షల బేస్‌ల ముక్కలు కూడా విడిపోతాయి. 1984లో వెలువడిన ఈ ఆలోచన సూక్ష్మజీవుల పరిశోధన రూపురేఖలనే మార్చింది.

ఇందులో డీఎన్ఏను గొట్టంలో తీయకూడదు, పిపెట్ ఒత్తిడికే పొడవైన పోగులు తెగిపోతాయి. బతికున్న కణాలనే కరిగించిన అగరోజ్‌లో కలిపి చిన్న దిమ్మలుగా గడ్డకట్టించండి. ఆ దిమ్మ లోపలే ప్రొటీనేజ్-కే, సార్కోసిల్ కలిపిన ద్రావణంతో సుమారు 55 డిగ్రీల వద్ద కణాలను ఛేదించి, నీటితోనూ బఫర్‌తోనూ అనేకసార్లు కడగండి. కడగడంలో తొందరపడితే మిగిలిపోయిన ప్రొటీనేజ్ తర్వాత మీరు వేసే రెస్ట్రిక్షన్ ఎంజైమును (డీఎన్ఏను నిర్ణీత క్రమం ఉన్న చోట కోసేదాన్ని) తినేస్తుంది. జెల్ మీద పట్టీలకు బదులు పైన ఒక మందపాటి మచ్చ కనిపిస్తే చాలావరకు కారణం ఇదే.

ఎంజైము అరుదుగా కోసేదై ఉండాలి. సాల్మొనెల్లా, ఇ. కోలైలకు ఎక్స్‌బా-1 వాడతారు. అది గుర్తించే టీసీటీఏజీఏ క్రమంలోని సీటీఏజీ అనే నాలుగక్షరాలు ఈ బాక్టీరియాల జీనోమ్‌లో చాలా అరుదు. అందుకే 50 లక్షల బేస్‌ల జీనోమ్ కూడా లెక్కపెట్టగలిగినన్ని ముక్కలే అవుతుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ జీనోమ్‌లో జీ, సీ అక్షరాలు తక్కువ కనుక సీసీసీజీజీజీని గుర్తించే స్మా-1 సరిపోతుంది. దీన్ని 25 డిగ్రీల వద్ద ఉంచాలి, అలవాటు కొద్దీ 37లో పెట్టేయకండి. జెల్‌ను 14 డిగ్రీల వద్ద చల్లగా ఉంచుతూ సుమారు 18 గంటలు నడపాలి. రెండు చివర్లలోనూ, మధ్యలోనూ పరిమాణ ప్రమాణంగా సాల్మొనెల్లా బ్రేండరప్ హెచ్9812 వేసుకోండి. కొన్ని స్ట్రెయిన్ల డీఎన్ఏ నడుస్తుండగానే చెదిరి పొగలా కనిపిస్తుంది. బఫర్‌లో కొద్దిగా థయోయూరియా కలిపితే చాలాసార్లు సరిపోతుంది. రంగుకు వాడే ఎథీడియం బ్రోమైడ్ డీఎన్ఏకు అంటుకునే పదార్థం, తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

పట్టీలను ఎలా చదవాలి? ఒక్క అక్షరం మారి కొత్త కోత స్థానం ఏర్పడితే ఒక పెద్ద పట్టీ మాయమై రెండు చిన్న పట్టీలు పుడతాయి. అంటే ఒకే జన్యు సంఘటనకు మూడు తేడాలు. 1995 నుంచి ఈ తర్కం మీదే ప్రమాణాలు నిలిచాయి: తేడా లేకపోతే వేరు చేయలేనివి, రెండు మూడు తేడాలుంటే దగ్గరి బంధువులు, నాలుగు నుంచి ఆరైతే బంధుత్వం ఉండవచ్చు, ఏడూ ఆపైన అయితే వేరు. ఇవి కొద్ది నెలల్లో జరిగిన చిన్న వ్యాప్తికి, కనీసం పది పట్టీలు ఉన్న జెల్‌కు ఉద్దేశించినవి. ఏళ్ల తరబడి సేకరించిన వాటి మీద ఈ అంకెలను రుద్దడం తప్పు.

ఈ జెల్‌ల విలువను లోకానికి చూపింది 1993లో అమెరికాలో సరిగా ఉడకని మాంసం ద్వారా ఇ. కోలై ఓ157:హెచ్7 వ్యాపించిన ఘటన. ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. రోగుల నుంచి తీసిన బాక్టీరియా, మాంసంలో దొరికినది ఒకే పట్టీల వరుస చూపాయి. 1996లో ప్రయోగశాలలన్నీ ఒకే విధానంతో జెల్‌లు నడిపి ఫలితాలు పంచుకునే పల్స్‌నెట్ ఆ అనుభవం నుంచే పుట్టింది. 2019 నాటికి ఆ వ్యవస్థ జెల్‌లను వదిలి పూర్తి జీనోమ్‌కు మారింది.

ఎంఎల్‌ఎస్‌టీ (మల్టీలోకస్ సీక్వెన్స్ టైపింగ్) దీనికి పూర్తిగా భిన్నమైనది. 1998లో మెదడు పొరల వాపు కలిగించే మెనింజోకాకస్ మీద మొదలైన ఈ పద్ధతిలో సాధారణంగా ఏడు ప్రాథమిక జన్యువుల నుంచి 450 నుంచి 500 బేస్‌ల ముక్కలను చదువుతారు. ప్రతి కొత్త క్రమానికీ ఒక అంకె ఇస్తారు, ఏడు అంకెల కలయికే సీక్వెన్స్ టైప్. పట్టీల్లా కంటితో పోల్చనక్కరలేదు, ప్రపంచంలో ఎవరు చదివినా అదే సంఖ్య వస్తుంది. దాని బలం అదే. బలహీనత ఏమిటంటే అది క్యాలెండర్, గడియారం కాదు. మందులకు లొంగని క్లెబ్సియెల్లాలో ఎస్‌టీ258 అనే సీక్వెన్స్ టైప్ అనేక దేశాల్లో పాతుకుపోయింది. ఇద్దరు రోగుల్లో అదే సంఖ్య కనిపించినంత మాత్రాన ఒకరి నుంచి ఒకరికి సోకిందని అనలేం. సంఖ్యలు వేరైతే మాత్రం నేరుగా పాకలేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

క్షయకు ప్రత్యేక పద్ధతులు ఉన్నాయి. 43 స్పేసర్లు (పునరావృతాల మధ్య ఉండే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఉన్నాయో లేవో చూసే స్పోలిగోటైపింగ్ వంశాన్ని చెబుతుంది, 24 చోట్ల పునరావృతాల సంఖ్యను లెక్కించే మిరు-వీఎన్‌టీఆర్ ఇంకాస్త లోతుకు వెళ్తుంది. రెండింటినీ కలిపి వాడినా, ఏళ్ల కిందట విడిపోయిన స్ట్రెయిన్లు ఒకే గుంపులో పడటం మామూలే.

మీ పద్ధతి శక్తిని లెక్కించుకోండి

సంబంధం లేని ఐసొలేట్లను ఒక పద్ధతి ఎంత బాగా విడదీస్తుందో చెప్పే సూచిక ఒకటుంది. యాదృచ్ఛికంగా రెండు ఐసొలేట్లు తీస్తే అవి వేరు వేరు రకాల్లో పడే అవకాశం ఎంత అన్నదే దాని అర్థం. సంబంధం లేని 20 ఐసొలేట్లు 10, 5, 3, 2 చొప్పున నాలుగు రకాలుగా విడిపోయాయనుకుందాం. ప్రతి సంఖ్యనూ దానికంటే ఒకటి తక్కువైన దానితో గుణించి కూడితే 90, 20, 6, 2 కలిసి 118. ఇరవైని పందొమ్మిదితో గుణిస్తే 380. 118ని 380తో భాగించి ఒకటి నుంచి తీసేస్తే సుమారు 0.69. అంటే సంబంధం లేని ప్రతి మూడు జతల్లో దాదాపు ఒకటి ఒకేలా కనిపిస్తుంది. ఇలాంటి పద్ధతితో వ్యాప్తిని నిర్ధారించడానికి వీల్లేదు. 0.95 దాటితే ధైర్యంగా ముందుకు వెళ్లండి.

పూర్తి జీనోమ్ చదివితే

వీలుంటే నేరుగా ఇక్కడికే రండి. ఎన్ని లక్షల రీడ్లు (యంత్రం చదివి ఇచ్చే డీఎన్ఏ ముక్కలు) కావాలో ముందే లెక్కవేయండి. సాల్మొనెల్లా జీనోమ్ సుమారు 48 లక్షల బేస్‌లు. 150 బేస్‌ల చొప్పున రెండు వైపులా చదివిన పది లక్షల జతలు వస్తే మొత్తం 30 కోట్ల బేస్‌లు, అంటే ప్రతి స్థానాన్నీ సగటున 62 సార్లు చదివినట్టు. 30 కంటే తగ్గితే ఆ ఐసొలేట్‌ను మళ్లీ చదివించండి.

ఫైళ్లు రాగానే పోలికకు దూకకండి. రీడ్ల నాణ్యతను ఫాస్ట్‌క్యూసీ అనే సాఫ్ట్‌వేర్‌తో, వేరే జాతి కలిసిందేమో క్రాకెన్‌తో చూడండి. తర్వాత స్పేడ్స్‌తో జీనోమ్‌ను కూర్చి మొత్తం పొడవు చూడండి. 48 లక్షలు రావలసిన చోట 70 లక్షలు వస్తే అందులో మరొకటి కలిసి ఉంది. ఒకే జాతిలోని రెండు స్ట్రెయిన్లు కలిస్తే పొడవు అంతగా మారకపోవచ్చు. దాన్ని పట్టించేది ఒకే స్థానంలో కనిపించే రెండక్షరాలే.

పోలికకు రెండు దారులు. వేల జన్యువులతో చేసే విస్తృత ఎంఎల్‌ఎస్‌టీ ఒకటి. లిస్టీరియాకు 1748 జన్యువుల పథకం ఉంది, అందులో ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాలుంటే ఒకే గుంపుగా తీసుకుంటారు. రెండోది, ముందే చదివి ఉంచిన ఒక రిఫరెన్స్ జీనోమ్‌తో సరిపోల్చి ఒక్కో అక్షరం తేడాను, అంటే స్నిప్‌లను లెక్కించడం. రిఫరెన్స్ మీ ఐసొలేట్లకు దగ్గరి బంధువై ఉండాలి. దూరపుదైతే మీ ఐసొలేట్లలో ఉండి అందులో లేని భాగాలన్నీ లెక్కలోంచి జారిపోతాయి, తేడాలు తక్కువగా కనిపిస్తాయి. ఫేజ్‌లు (బాక్టీరియా వైరస్‌ల డీఎన్ఏ), పునరావృత భాగాలు, బయటి నుంచి వచ్చి అతుక్కున్న రీకాంబినేషన్ ముక్కలు లెక్కలోంచి తీసేయండి. ఒక్కసారి వచ్చి చేరిన ముక్క వందల స్నిప్‌లు తెచ్చిపెట్టి, అన్నదమ్ములను అపరిచితులుగా చూపుతుంది.

ఒక ఐసొలేట్‌ను రెండు వేర్వేరు విడతల్లో చదివించి చూడండి. తేడా సున్నా రావాలి. రెండు వస్తే మీ పద్ధతి కల్పించే తేడానే రెండు అన్నమాట. ఆపై వచ్చే ప్రతి అంకెనూ ఆ దృష్టితో చూడాలి.

అంకెలను అర్థం చేసుకోవడం

అన్ని బాక్టీరియాలకూ ఒకే హద్దు ఉండదు. క్షయ బాక్టీరియా ఏడాదికి సగటున అర స్నిప్ మాత్రమే మారుతుంది. ఐదు లేదా అంతకంటే తక్కువ తేడా ఉంటే ఇటీవలి సంక్రమణకు అవకాశం ఉందని, పన్నెండు దాటితే లేదని భావించడం అందుకే. స్టాఫిలోకాకస్ ఆరియస్ ఏడాదికి సుమారు ఎనిమిది మారుతుంది. ఇక్కడ చాలామంది ఒక విషయం మరిచిపోతారు: ఉమ్మడి పూర్వీకుడి నుంచి రెండు శాఖలూ విడివిడిగా మారుతాయి కనుక తేడాను రెండింతలు చేయాలి. ఆరు నెలల కిందట విడిపోయిన రెండు ఐసొలేట్ల మధ్య నాలుగు కాదు, సుమారు ఎనిమిది స్నిప్‌లు ఉంటాయి. ఒకే రోగిలో ఏళ్ల తరబడి ఉన్న బాక్టీరియాలోనే కొన్ని శాఖలు ఏర్పడతాయి కాబట్టి, వీలైతే రోగికి ఒక్క కాలనీతో సరిపెట్టకండి.

తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తెలియదు. ఇద్దరికీ మూడో చోటు నుంచి సోకి ఉండవచ్చు. పడకల పట్టిక, చేరిన తేదీలు, వాడిన పరికరాల వివరాలు జీనోమ్‌తో పాటు బల్ల మీద ఉండాలి. వీటిని చూసే వ్యక్తితో మొదటి రోజు నుంచే మాట్లాడండి.

నివేదిక

మొదట చెప్పుకున్న ఐదుగురి దగ్గరికి వద్దాం. నలుగురి ఐసొలేట్ల మధ్య మూడు స్నిప్‌ల లోపే తేడా, పోలిక కోసం చేర్చిన వేరే వార్డు ఐసొలేట్లు వందల స్నిప్‌ల దూరం, ఐదో రోగిది 240 స్నిప్‌ల దూరం అని వచ్చిందనుకోండి. నివేదికలో 'నలుగురిదీ ఒకే స్ట్రెయిన్ అని రుజువైంది' అని రాయకండి. ఇలా రాయండి: 'ఈ పద్ధతిలో ఈ నాలుగు ఐసొలేట్లు ఇటీవలే విడిపోయిన దగ్గరి బంధువులు. ఇది ఒకే మూలం నుంచి వ్యాపించిందన్న అనుమానానికి అనుకూలంగా ఉంది. ఐదవది ఈ గుంపుకు చెందదు.' వాడిన రిఫరెన్స్, తీసేసిన భాగాలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, సగటున ఎన్నిసార్లు చదివారన్నది కింద చేర్చండి.

ఐదో రోగిని అక్కడితో వదిలేయకండి. ఆయన బాక్టీరియాలోనూ అదే నిరోధక జన్యువు ఉంటే, పాకింది స్ట్రెయిన్ కాక ప్లాస్మిడ్ అయి ఉండవచ్చు. చిన్న రీడ్లతో ప్లాస్మిడ్‌ను పూర్తిగా కూర్చడం కష్టం కనుక, నలుగురిలో ఒకరి ఐసొలేట్‌నూ ఐదో దాన్నీ పొడవైన రీడ్లతో మళ్లీ చదివించండి. రెండు ప్లాస్మిడ్లూ ఒకటే అని తేలితే, ఐదో పడకను కూడా వెతుకులాటలో చేర్చమని ఆ రోజే వార్డుకు ఫోను చేయండి.